ఎత్తిన తుపాకి దించడం

అచ్చంపేటలో ఒక ఆదివారం పొద్దున హైస్కూలు పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కూర్చున్న సభలో ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసింది.

ఆ చెట్టు కింద నిలబడ్డ అన్నలు కొంచెం ముందుకు రండి, ఇక్కడ కూడా నీడ ఉంది. అమ్మలు ముందే కూర్చున్నారు, మంచిది, ఎందుకంటే ఇవాళ నేను ఎక్కువగా మాట్లాడేది అమ్మలతోనే. పిల్లలకు నేను నచ్చజెప్పాల్సిన పని లేదు, వాళ్ళ కళ్ళన్నీ ఇప్పటికే ఈ బల్ల మీద ఉన్నాయి. అవును నాయినా, ఈ దుప్పటి కింద ఉన్నది నువ్వు అనుకుంటున్నదే. ఇప్పుడే తీయను. చివర్లో తీస్తాను, అప్పటిదాకా వినండి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పీఈటీ సారుగా పనిచేశాను, అందులో చాలా ఏళ్ళు ఎన్‌సీసీ కూడా చూసుకున్నాను. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఆదివారాల్లో, ఎండాకాలం సెలవుల్లో, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రెండు పనులు నేర్పుతున్నాను. ఒకటి ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌తో గురి చూడడం. రెండోది చెరువు కట్టల వెంట, గుట్టల్లో, వాగుల్లో తిరగడం, తిరిగి ఏం చూశామో నోటుబుక్కులో రాసుకోవడం. ఇవి రెండూ వేరు వేరు అనుకుంటారు అందరూ. నాకు మాత్రం ఒకటే పని, ఎందుకో చెప్తాను.

ముందు భయం సంగతి మాట్లాడుకుందాం. కొన్నేళ్ళ కింద ఒక తండాకు పోయి, మీ పాపకు చెయ్యి బాగా నిలకడగా ఉందమ్మా, షూటింగ్‌కు పంపండి అంటే, ఆ తల్లి "సినిమా షూటింగా సారూ?" అని అడిగింది. కాదమ్మా, తుపాకి అన్నాను. ఆమె చేతిలో చాట అట్లనే ఆగిపోయింది. "తుపాకి మనకెందుకు సారూ" అంది, అంతే, ఇంక ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మన దిక్కు తుపాకి అంటే ఆట అని ఎవరూ చూడలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఒరిగింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పేల్చిన తుపాకికే, అది అప్పటి నల్లగొండ జిల్లా. ఆ తర్వాత రజాకార్లు, ఆ తర్వాత ఈ నల్లమల పక్క ఊళ్ళల్లో అన్నలు, అంటే నక్సలైట్లు, పోలీసులు. రాత్రిపూట కుక్క మొరిగితే వచ్చింది ఎవరో అని దీపం తగ్గించి కూర్చున్న ఇండ్లు మన మధ్యనే ఉన్నాయి, ఇటు మాట చెప్తే అటు భయం, అటు చెప్తే ఇటు భయం. ఆ అవ్వలు, తాతలు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళ ముందుకు పోయి, ఇది ఒలింపిక్స్‌లో ఉన్న ఆట అవ్వా, మనవరాలిని పంపు అంటే ఎట్ల నమ్ముతారు? నమ్మకపోతే తప్పు వాళ్ళది కాదు, నమ్మేటట్టు చెప్పే బాధ్యత నాది.

అందుకే నేను తుపాకితో మొదలుపెట్టను, వడిసెలతో మొదలుపెడతాను. ఇక్కడ యాభై దాటిన వాళ్ళలో చిన్నప్పుడు జొన్న చేనుకు కావలి పోయినవాళ్ళు చేతులెత్తండి. చూశారా పిల్లలూ, ఎన్ని చేతులు లేచాయో. వీళ్ళంతా గురి నేర్చుకున్నవాళ్ళే. జొన్న పాలు పట్టే రోజుల్లో తెల్లారకముందే మంచె ఎక్కాలి, పిట్టలు మనకన్నా ముందు లేస్తాయి కదా. వడిసెల అంటే నారతో పేనిన తాడు, మధ్యలో రాయి కూర్చునేంత జాగా. ఒక కొస వేలికి తగిలించి, రెండో కొస అదే చేత్తో పట్టుకుని, తల మీద గిరగిరా తిప్పి ఆ కొస వదిలితే రాయి చేను అవతలికి పోయేది, తాడు ఛెళ్ళుమనేది. తెలంగాణ పోరాటంలో ఊరి జనం చేతుల్లో ఉన్న ఆయుధాల్లో అదీ ఒకటి, ఆ కథ వేరు. మా నాయిన నాకు చెప్పింది మాత్రం ఒకటే. రాయి పిట్టల మీద పడకూడదు, పిట్టల గుంపుకు ఒక బారెడు అవతల పడాలి. గుంపు లేచిపోవాలి, అంతే. పిట్ట చచ్చి చేన్లో పడితే మనకు జొన్న ఏమన్నా ఎక్కువ పండుతుందా అనేవాడు. పిట్టను కొట్టడం కన్నా బారెడు అవతల వేయడమే కష్టం, వేసి చూసినవాళ్ళకు తెలుసు. నేను నేర్చుకున్న మొదటి గురి అది.

ఇప్పుడు ఆట సంగతి. పది మీటర్ల దూరం, అంటే ముప్పై మూడు అడుగులు, ఈ బల్ల నుంచి ఆ బోరింగు దాకా అనుకోండి. అక్కడ మనిషి ఛాతీ ఎత్తున, లెక్కగా చెప్పాలంటే 1.4 మీటర్ల ఎత్తున, టార్గెట్ ఉంటుంది. రైఫిల్ టార్గెట్‌లో వలయాలన్నీ కలిపినా 45.5 మిల్లీమీటర్లే, ఒక పానీపూరీ అంత. దాని నట్టనడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, గసగసాల గింజంత కూడా ఉండదు. పిస్టల్‌కు కొంచెం నయం, పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. పిస్టల్‌ను ఒంటి చేత్తోనే ఎత్తాలి, రెండో చెయ్యి జేబులో పెట్టుకుంటారు. రైఫిల్ ఐదున్నర కిలోలు దాటకూడదు, పిస్టల్ కిలోన్నర దాటకూడదు. అందులో పేలే మందు ఏమీ ఉండదు, నొక్కిపెట్టిన గాలి తోస్తే 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ బయటికి పోతుంది, దాని బరువు అర గ్రాము. పోటీలో గంటా పదిహేను నిమిషాల్లో 60 షాట్లు. రైఫిల్‌లో ఒక్కో షాట్‌కు ఎక్కువలో ఎక్కువ 10.9 పాయింట్లు, మొత్తం 654.

లెక్క చూడండి, ఒక్కో షాట్‌కు నిమిషంపైనే టైము ఉంది. ఫోన్లో ఆడే తుపాకి ఆటలకు, దీనికి ఉన్న తేడా ఇక్కడే. అక్కడ నిమిషంలో నాలుగు వందల సార్లు నొక్కుతావు, ఎవరిని కొట్టావో కూడా గుర్తుండదు. ఇక్కడ ఒక్కటి పేల్చి, అది ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో ఆలోచించుకుని, మళ్ళీ ఊపిరి సర్దుకుని, అప్పుడు రెండోది. ఫోన్ వదలడు సారూ మా వాడు అని నా దగ్గరికి తెచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళలో కొందరు వారంలోనే పారిపోయారు. నిలబడ్డవాళ్ళు మాత్రం బాగా నిలబడ్డారు.

నా దగ్గరికి వచ్చిన పిల్లలకు మొదటి మూడు వారాలు పెల్లెట్ ఇవ్వను. ఖాళీ గన్‌తో తెల్ల గోడకు ఎదురుగా నిలబెడతాను. గోడ మీద చుక్క కూడా ఉండదు. గన్ ఎత్తు, సైట్, అంటే గన్ మీద గురి చూసుకునే ముక్క, చూడు, ట్రిగ్గర్ నొక్కు, దించు. మళ్ళీ ఎత్తు. గులేరుతో, అదే రబ్బరు ఉండేలుతో, జామకాయ రాల్చిన పిల్లలకు ఇది పెద్ద శిక్ష లాగా ఉంటుంది. వాళ్ళకు గురి ఉంది, కాదనను, కానీ వాళ్ళ చూపంతా కాయ మీద ఉంటుంది. ఇక్కడ చూపు కాయ మీద పెడితే పోయినట్టే. పిస్టల్ పట్టినప్పుడు కంటికి స్పష్టంగా కనబడాల్సింది గన్ మొన మీదున్న ముందు సైట్, టార్గెట్ కాదు. అవతల నల్ల చుక్క మసక మసకగా ఉండాలి. ఈ ఒక్క ముక్క ఒంటబట్టడానికి కొందరికి ఆరు నెలలు పడుతుంది, చుక్క మసకబారగానే భయపడి దాన్ని చూడబోతారు, చూడగానే చెయ్యి కదులుతుంది. ట్రిగ్గర్ కూడా అంతే, గుంజకూడదు, వేలు మెల్లగా బరువు పెంచుకుంటూ పోవాలి, ఎప్పుడు పేలుతుందో మనకే తెలియకుండా పేలాలి. పేలిన తర్వాత కూడా ఒక రెండు సెకన్లు అట్లనే నిలబడాలి, ఎందుకంటే పెల్లెట్ గొట్టం దాటేలోపు చెయ్యి కదిలితే అది చూపిన దిక్కుకు పోదు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఎత్తిన గన్‌ను ఎనిమిది, పది సెకన్లలో పేల్చలేకపోతే దించాలి. ఊపిరి ఆపి ఎక్కువసేపు నిలబడితే కన్ను అలసిపోతుంది, భుజం వణకడం మొదలవుతుంది, అప్పుడు పేల్చిన షాట్ ఎప్పుడూ చెడిపోయేదే. ఇది చెప్పడం తేలిక. పిల్లలు దించరు. ఎత్తినందుకు పేల్చాలి అనుకుంటారు, పక్కవాడు పేల్చేశాడు నేను వెనకబడ్డాను అనుకుంటారు, వెనక నుంచి సారు చూస్తున్నాడు, దించితే చేతకాదనుకుంటాడు అని కూడా అనుకుంటారు. ఆ రోషంలో పేల్చేస్తారు, ఏడో ఆరో పడుతుంది. నా దగ్గర లెక్క వేరుగా ఉంటుంది. ఎన్ని పదులు కొట్టావో తర్వాత చూస్తాను, ఎన్నిసార్లు దించావో ముందు రాసుకుంటాను.

ఆ తండా అమ్మాయి చివరికి వచ్చింది. తల్లి నెల రోజులకు ఒప్పుకుంది, ఎట్ల ఒప్పుకుందో ఆమెనే చెప్పాలి. ఆ అమ్మాయి మొదటి పోటీలో ఆఖరి షాట్‌కు పిస్టల్ ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది, దించింది. టైము మూడు నిమిషాలుంది. నేను వెనక నిలబడి చూస్తున్నాను, పక్క లేన్లలో అందరూ అయిపోయి గన్లు పెట్టెల్లో సర్దుకుంటున్నారు, ఈమె ఐదోసారి దించింది. ఆమె మెడ మీద చెమట కిందికి జారడం కూడా నాకు కనిపిస్తోంది. జేబులో ఉన్న ఎడమ చెయ్యి బయటికి తీసి, గౌనుకు తుడుచుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుంది. ఏడోసారి ఎత్తినప్పుడు పేల్చింది. పది పడింది. మెడల్ రాలేదు, ముందు షాట్లలో చాలా పోగొట్టుకుంది కాబట్టి. బయటికి వచ్చాక ఎందుకమ్మా అన్నిసార్లు దించావు అని అడిగితే, "చెయ్యి ఇంకా వద్దంది సారూ" అంది. నా సర్వీసులో నేను విన్న మాటల్లో నాకు బాగా నచ్చిన మాట అది.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా మీ పిల్లలను నాకు అప్పగించమని అడగడం న్యాయం కాదు. ఒక ఎండాకాలం క్యాంపులో పద్నాలుగేళ్ళ పిల్లవాడు లైన్ మీద, అంటే నిలబడి పేల్చే చోట, రైఫిల్‌తో ఉన్నాడు, లోపల పెల్లెట్ ఉంది. వాడి మోచెయ్యి సరిగ్గా లేదని వెనక నుంచి వాడి పేరు పెట్టి పిలిచాను. వాడు "ఆఁ సార్" అని గిరుక్కున నా వైపు తిరిగాడు. వాడితో పాటు రైఫిల్ కూడా తిరిగింది. పక్కన ఆరుగురు పిల్లలు ఉన్నారు, మొన వాళ్ళందరినీ దాటి వచ్చి నా కడుపు మీద ఆగింది. వేలు ట్రిగ్గర్ మీద లేదు కాబట్టి ఏం కాలేదు. వాడిది ఏం తప్పు చెప్పండి? పెద్దవాళ్ళు పిలిస్తే మొహం చూసి పలకాలని మనమే నేర్పాం. నిలబడ్డ చోటి నుంచి చూడకుండా పలికితే పొగరు అంటాం. తప్పు నాది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి నుంచి ఒక పద్ధతి పెట్టాను, ఇప్పటికీ అదే. లైన్ మీద ఉన్న పిల్లలను ఎవరూ పేరు పెట్టి పిలవకూడదు, ముట్టుకోకూడదు, నేనైనా సరే, కలెక్టరు గారు వచ్చినా సరే. ఏదైనా చెప్పాలంటే "స్టాప్" అనాలి. స్టాప్ వింటే గన్ ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, రెండు చేతులూ వదిలి, అప్పుడు తిరగాలి. ఎవరు పిలిచినా తిరగవద్దు, అమ్మ పిలిచినా తిరగవద్దు అని మొదటి రోజే చెప్తాను.

మిగతా జాగ్రత్తలు అందరూ చెప్పేవే, కానీ చెప్పాలి. గన్‌లో ఏమీ లేదని తెలిసినా ఉందనే అనుకోవాలి. మొన ఎప్పుడూ టార్గెట్ దిక్కే. పేల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. పెల్లెట్లు సీసం కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు. మిద్దె మీద నుంచి, వాకిట్లో, గల్లీలో ఎయిర్ గన్ పేల్చడం అసలే వద్దు, గురి తప్పిన పెల్లెట్ వందల మీటర్లు పోతుంది, కంట్లో పడితే కన్ను పోతుంది. చట్టం సంగతి కూడా వినండి. 4.5 మిల్లీమీటర్ల లోపు, 20 జౌల్స్ శక్తి లోపు ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు, అందుకే దుకాణంలో దొరుకుతుంది, దొరుకుతుందని కొని పిల్లవాడి చేతికిచ్చి పొలానికి పోయే తండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మందు పేలే తుపాకికి లైసెన్స్ కావాలి, దానికి 21 ఏళ్ళు నిండాలి. నాటు తుపాకి జోలికి ఎవరూ పోవద్దు, అది జైలుకు దారి, అంతకన్నా ముందు చేతుల్లోనే పగిలే సామాను.

గులేరు సంగతి. అవును, ఆ జేబులో రబ్బరు కనిపిస్తున్న తమ్ముడూ, నీకే చెప్తున్నాను. కౌజును కొట్టినా, కుందేలును కొట్టినా, ఉడుమును పట్టినా అది వేటే, గులేరుతో కొడితే వేట కాదు అనేది ఏమీ లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నెమలి లాంటి మొదటి షెడ్యూల్ జీవిని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా శిక్ష. నిజాం కాలంలో ఈ నల్లమలలోని ఫర్హాబాద్‌కు వేటకు వచ్చేవాళ్ళు, అది గొప్పగా చెప్పుకునే రోజులు పోయాయి. ఇప్పుడు ఆ అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేస్తారు, ఎందుకంటే రాత్రి ఆ రోడ్డు జంతువులది.

ఏమన్నారన్నా? కొంచెం గట్టిగా చెప్పండి. పందుల సంగతా... అన్న అడిగేది ఏంటంటే, పందులు పల్లి చేను తవ్వి పోస్తుంటే ఈ సారు పిట్టల మీద జాలి పడమంటున్నాడు అని. అన్నా, మీ బాధ నాకు తెలుసు, నాకూ రెండెకరాలుంది, ఒక్క రాత్రిలో మక్క చేను పడుకోబెట్టిన సంవత్సరం నేనూ చూశాను. అటు మక్తల్, మాగనూరు, కృష్ణా మండలాల్లో కృష్ణజింకలతో రైతులు పడే గోస కూడా చిన్నది కాదు. నేను పందిని ప్రేమించమని అనడం లేదు. దానికి అటవీశాఖకు చెప్పి, నష్టానికి దరఖాస్తు పెట్టి, అనుమతి ఉన్నవాళ్ళతో చేయించాల్సిన పని వేరే ఉంది, అది పెద్దవాళ్ళ పని. పద్నాలుగేళ్ళ పిల్లవాడి చేతికి గన్ ఇచ్చి రాత్రి చేనుకు పంపే పని కాదు. కరెంటు తీగ పెట్టడమైతే మాట కూడా ఎత్తొద్దు. పందికి పెట్టిన తీగకు తెల్లారి నీళ్ళు పెట్టబోయిన మనిషి పడిపోయిన ఊళ్ళు మనకు తెలియవా?

మరి పిల్లలను గుట్టలకు, చెరువులకు ఎందుకు తిప్పుతావు సారూ అంటే, దించడం అక్కడే బాగా వస్తుంది కాబట్టి. తీతువు పిట్ట తెలుసు కదా, రాత్రి ఇంటి మీద అరిస్తే చావు కబురని మన అవ్వలు ఉమ్మేసేవాళ్ళు. పోయిన ఎండాకాలం ఒక చెరువు శిఖంలో నీళ్ళు దిగిపోయిన చోట పిల్లలతో నడుస్తుంటే తీతువు మా తలల మీద తిరుగుతూ ఒకటే అరుపు. చావు కాదు పిల్లలూ, ఇక్కడ దాని గుడ్లున్నాయి, అడుగు కదపకుండా వెతకండి అన్నాను. పన్నెండు మంది, ఇరవై నాలుగు కళ్ళు, పావుగంట వెతికారు. గూడు ఉండదు దానికి, ఉత్త నేల మీదనే గులకరాళ్ళ మధ్య పెడుతుంది. గులేరు పిల్లవాడు ఒకడున్నాడు, వాడికి ముందు కనిపించాయి, వాడి చెప్పుకు జానెడు దూరంలోనే. నాలుగు గుడ్లు, మట్టి రంగు మీద నల్ల మరకలు, మొనలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. వాడు లేపిన కాలు కింద పెట్టడానికి భయపడి ఒంటికాలి మీద అట్లనే నిలబడ్డాడు. అందరం వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, దూరంగా కట్ట మీద పడుకుని బైనాక్యులర్‌తో చూశాం. ఉన్నది ఒక్కటే బైనాక్యులర్, వంతులేసుకున్నాం. పిట్ట నేరుగా రాలేదు, అటు దిగి, ఇటు నడిచి, మమ్మల్ని నమ్మడానికి చాలాసేపు తీసుకుంది. చివరికి వచ్చి కూర్చుంటే వాడు ఊపిరి వదిలాడు, పక్కనున్న నాకు వినబడింది. మరుసటి వారం రేంజ్‌లో వాడు మొదటిసారి నేను చెప్పకుండానే గన్ దించాడు.

ఇసుకలో అడుగులు చూడడం కూడా నేర్పుతాను. కుక్క, నక్క అడుగులో గోళ్ళ గుర్తులు పడతాయి, పిల్లి జాతికి పడవు, చిరుతైనా పులైనా గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తాయి. పంది అడుగు వెనక రెండు చిన్న గుర్తులు ఉంటాయి, అవి దాని వెనక గిట్టలు. ఇవన్నీ నాకు చెప్పింది ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో, ఉన్న పెద్దాయన. నేను డిగ్రీ చదివాను, పీఈటీ ట్రైనింగ్ చేశాను, ఆయన పక్కన వాగులో నడిచిన రెండు రోజుల్లో నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేదు. అమ్రాబాద్‌లో పులి జాడ తీసే పనిలో అటవీశాఖ నమ్ముకునేది ఆ చెంచు యువకులనే.

ఆయన దగ్గర వెదురు విల్లు ఉంది. మన చెంచు పిల్లల కోసమే ఈ మాట చెప్తున్నాను, వాళ్ళ సార్లు ఎవరైనా ఇక్కడుంటే రాసుకోండి. ఆర్చరీలో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది, వెదురు విల్లుతో 50 మీటర్లు, 30 మీటర్ల దూరాల్లో వేయాలి. లక్షల రూపాయల విదేశీ విల్లు లేకుండానే మొదలుపెట్టొచ్చు. రాజస్థాన్‌లో వెదురు విల్లుతో పెరిగిన లింబారాం అనే గిరిజన యువకుడు ఒలింపిక్స్ దాకా పోయాడు. నల్లమలలో అటువంటి చేతులు లేవంటే నేను ఒప్పుకోను. చూసేవాళ్ళు లేరు, అంతే.

షూటింగ్‌లో కూడా మన దగ్గరివాళ్ళు తక్కువేం కాదు. 2012 లండన్‌లో కంచు తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లోనే. ఈషా సింగ్ కూడా హైదరాబాద్ అమ్మాయే, పదమూడేళ్ళకే 2018లో జాతీయ ఛాంపియన్ అయ్యింది, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు పోయింది. స్వప్నిల్ కుసాలేది కొల్హాపూర్ దగ్గర చిన్న ఊరు, రైల్వేలో టికెట్లు చూసే ఉద్యోగం చేస్తూ పారిస్‌లో కంచు గెలిచాడు. మను భాకర్‌కు టోక్యోలో పోటీ మధ్యలో పిస్టల్ పాడైంది, ఫైనల్‌కు పోలేకపోయింది, అప్పుడామెకు పందొమ్మిదేళ్ళు. ఆ పిల్ల అప్పుడే ఆట వదిలేసి ఉంటే ఎవరూ ఏమనేవాళ్ళు కాదు. మూడేళ్ళకు పారిస్‌లో రెండు కంచు పతకాలు.

డబ్బు సంగతి దాచను. పెద్ద పోటీలకు వాడే విదేశీ రైఫిల్ లక్షల్లో ఉంటుంది, తోలు జాకెట్టు, ప్యాంటు, బూట్లు వేరే. మన పాలమూరు ఎండలో ఆ జాకెట్టు వేసుకుని నిలబడడం ఇంకో పరీక్ష. మంచి రేంజ్ కావాలంటే గచ్చిబౌలి దాకా పోవాలి. అందుకని మొదటి ఏడాది ఏమీ కొనకండి, అప్పు అసలే చేయకండి. నా దగ్గర రెండు రైఫిళ్ళు, ఒక పిస్టల్ ఉన్నాయి, అందరూ వాటితోనే వంతుల వారీగా. ఏడాది నిలబడ్డాక, పిల్ల చెయ్యి ఏం చెప్తుందో చూసి అప్పుడు మాట్లాడుకుందాం. మీ స్కూల్లో ఎన్‌సీసీ ఉంటే చేర్పించండి, అక్కడ పాయింట్ టూటూ రైఫిల్ పేల్చే అవకాశం వస్తుంది. ఆటలో పైకి రాకపోయినా నాకు బాధ లేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు గన్ పట్టడం లేదు, ఒకడు ఫారెస్టు బీట్ ఆఫీసరు, ఒకమ్మాయి నర్సు, ఇద్దరు వ్యవసాయంలోనే ఉన్నారు. పండక్కి కలిస్తే ఏ చెరువుకు ఏ పిట్ట వచ్చిందో చెప్తారు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి చెరువు తూము దగ్గర కలుద్దాం. నీళ్ళ సీసా, టోపీ, నోటుబుక్కు. గులేర్లు ఇంట్లో పెట్టి రండి. తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు వెంట రావాలి.

సరే, ఇప్పుడు దుప్పటి తీస్తున్నాను. ఎవరూ లేవకండి. ఇదిగో, గొట్టంలో నుంచి బయటికి వచ్చిన ఈ నారింజ రంగు తీగ కనిపిస్తుందా? దీన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు, ఇది ఉన్నంతసేపు లోపల ఏమీ లేనట్టు లెక్క. అయినా మొన ఆ గోడ దిక్కే ఉంటుంది. పిల్లలూ, మీరు కూర్చోండి, మీ వంతు తర్వాత. ముందు అమ్మలు రావాలి. ఆ పచ్చ చీర అమ్మా, మీరే రండి. ఏం కాదు, నేను పక్కనే ఉన్నాను. కుడి చెయ్యి ఇక్కడ, వేలు బయటే ఉంచండి. ఎడమ చెయ్యి కింద. భుజానికి ఆనించండి, ఇంకొంచెం, ఆఁ, అట్ల. బరువుగా ఉందా? ఉంటుందమ్మా. గోడ మీద ఆ మచ్చ చూడండి. ఊపిరి తీసుకోండి, సగం వదలండి. వణుకుతుందా? అందరికీ వణుకుతుంది. సరే, ఇప్పుడు మెల్లగా దించండి.